గుండాల ఇసుక నుంచి గ్రిడ్ దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, 1986 పదో తరగతి బ్యాచ్‌కు చెందిన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్ళు నాకు అరగంట ఇచ్చారు. నీ పని గురించి చెప్పు, కానీ అర్థమయ్యేటట్టు చెప్పు అని షరతు పెట్టారు. ఆహ్వాన పత్రికలో నా అంశం ‘భూతాపం’ అని పడింది. భూతాపం అంటే వాతావరణం వేడెక్కడం. నేను చెప్పబోయేది భూమి లోపలి వేడి గురించి, ఆ వేడితో కరెంటు తీయడం గురించి. అచ్చుతప్పు మీద నాకు కోపమేమీ లేదు. నేను చేసే పనేమిటో ఇరవై ఏళ్ళుగా మా అమ్మకే సరిగ్గా చెప్పలేకపోయాను. ఎవరైనా అడిగితే ఆమె “నీళ్ళ కరెంటు” అని చెప్పి ఊరుకుంటుంది.

ఈ కథ మన బడిలోనే మొదలైంది. ఏడో తరగతిలో ఉండగా చలికాలంలో మమ్మల్ని భద్రాచలం తీసుకుపోయారు. రాములవారి దర్శనం, పులిహోర అయ్యాక, మా సైన్స్ సారు బస్సును గుండాల వైపు తిప్పించారు. భద్రాచలానికి దగ్గరే, గోదావరి ఒడ్డు. అక్కడ ఇసుకలో గుంట తవ్వితే వేడి నీళ్ళు ఊరతాయి. పక్కన గోదారి నీళ్ళు చల్లగా ఉన్నాయి, గుంటలో నీళ్ళు వేడిగా ఉన్నాయి. మేము చేతులతో ఇసుక తోడుతూ కేకలు పెడుతున్నాం. సారు వచ్చి నిలబడి, “ఈ నీళ్ళకు పొయ్యి ఎవరు పెట్టిన్రు రా?” అని అడిగారు. మాలో ఒకడు “దేవుడు సార్” అన్నాడు. వాడు ఇప్పుడు ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పను. సారు కాదనలేదు. “సరే, దేవుడే పెట్టిండు. మరి కట్టెలు ఏడికెళ్ళి తెచ్చిండు?” అన్నారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటికి వచ్చి మా నాయనను అడిగాను. మా నాయన బాయిలో తట్ట, చెమ్మాస్‌తో ఫిల్లర్‌గా చేరి, పరీక్ష రాసి మైనింగ్ సర్దార్ అయిన మనిషి. “కట్టెల సంగతి నాకు తెల్వదు గని, దిగినకొద్దీ ఉడుకే బిడ్డా. గాలి మంచిగ కొట్టకపోతే అంగి పిండితే నీళ్ళు కారుతయి” అన్నాడు. సారు అడిగిన ప్రశ్నకు సగం జవాబు మా ఇంట్లోనే ఉందని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మిగతా సగం ఇది. భూమి లోపలికి పోయినకొద్దీ, మామూలు చోట్ల, కిలోమీటరుకు ఇరవై ఐదు నుంచి ముప్పై డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఈ వేడి రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, భూమి పుట్టినప్పటి వేడి, ఇంకా చల్లారలేదు. రెండోది, రాళ్ళలో అతి కొద్దిగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియం లాంటివి తమంతట తాము విరిగిపోతూ ఇచ్చే వేడి. సారు అడిగిన కట్టెలు ఇవే. మన గోదావరి లోయలో అగ్నిపర్వతం ఏమీ లేదు. వాన నీరు భూమి పగుళ్ళలో లోతుకు దిగి, అక్కడ వేడెక్కి, ఇంకో పగులు పట్టుకుని పైకి వస్తుంది. గుండాలలో మేము తోడింది ఆ నీటినే.

కొన్ని దేశాల్లో మాత్రం కరిగిన రాయి భూమి పైపొరకు చాలా దగ్గరగా వచ్చి ఉంటుంది. ఇటలీ, ఐస్‌లాండ్, న్యూజీలాండ్, ఇండోనేషియా, కెన్యా అలాంటివి. అక్కడ రెండు మూడు కిలోమీటర్లు తవ్వితే 250 డిగ్రీలు, 300 డిగ్రీల వేడి దొరుకుతుంది. ఈ వేడితో మొదట కరెంటు పుట్టించింది ఇటలీలోని లార్డెరెల్లోలో, 1904లో. పియెరో జినోరి కాంటి అనే దొర, భూమిలోంచి తన్నుకొచ్చే ఆవిరితో చిన్న ఇంజను తిప్పి, నాలుగైదు బల్బులు వెలిగించాడు. 1913కల్లా అక్కడే 250 కిలోవాట్ల ప్లాంటు వచ్చింది. ఆ లోయ ఈనాటికీ కరెంటు ఇస్తూనే ఉంది.

నేను వరంగల్ ఆర్‌ఇసిలో మెకానికల్ చదివి, పదకొండేళ్ళు బొగ్గు థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ల మెయింటెనెన్స్ చేశాను. మా నాయన తవ్విన బొగ్గుతోనే నా జీతం అని నవ్వుకునేవాళ్ళం. ఆ తరవాత భూమి ఆవిరితో తిరిగే టర్బైన్ల పనికి ఇండోనేషియా, కెన్యా, న్యూజీలాండ్ తిరిగాను. టర్బైన్ ఒకటే. ఆవిరి రెక్కల మీద కొడితే తిరుగుతుంది, దాని వెనక జనరేటర్ తిరుగుతుంది. తేడా అంతా ఆ ఆవిరి ఎక్కడి నుంచి, ఎట్లా వస్తుందనే దాంట్లోనే.

ఇది అర్థం కావాలంటే ప్రెషర్ కుక్కర్ చాలు. కుక్కర్‌లో నీళ్ళు వంద డిగ్రీలు దాటి నూట ఇరవై దాకా పోయినా, లోపల ఒత్తిడి ఉంది కాబట్టి చాలా భాగం నీళ్ళుగానే ఉంటాయి. విజిల్ ఎత్తగానే బుస్సున ఆవిరి వస్తుంది. భూమి లోపలా అంతే. 240 డిగ్రీల నీరు, పైనున్న నీటి బరువు వల్ల, మరగకుండా నీళ్ళుగానే ఉంటుంది. బోరు వేసి దారి ఇస్తే పైకి ఎగబాకుతుంది. పైకి వచ్చినకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, దారిలోనే కొంత నీరు ఆవిరైపోతుంది. దీన్నే ఫ్లాష్ అంటాం. బావి మూతి దగ్గరికి వచ్చేసరికి నీళ్ళూ ఆవిరీ కలిసి ఉంటాయి. వాటిని సెపరేటర్ అనే పెద్ద ఉక్కు పీపాలోకి ఒక పక్క నుంచి పంపితే గిర్రున తిరుగుతాయి. మజ్జిగ చిలికితే వెన్న పైకి తేలినట్టు, బరువున్న నీరు గోడలకు కొట్టుకుని కిందికి, తేలికైన ఆవిరి పైకి పోతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, పదో తరగతి పిల్లలు రాసుకోండి. 240 డిగ్రీల నీటిని 160 డిగ్రీల దగ్గర విడదీస్తే, వంద కిలోల నీటిలో పదిహేడు కిలోలే ఆవిరి అవుతుంది. మిగతా ఎనభై మూడు కిలోలు వేడినీళ్ళే. ఒక మెగావాటు కరెంటుకు గంటకు ఏడెనిమిది టన్నుల ఆవిరి కావాలి. అంటే దానికి ఐదింతల వేడినీళ్ళను కూడా మనం మోయాలి. వాటిని ఊరికే వాగులో వదలకూడదు. అందులో ఉప్పులుంటాయి, ఆర్సెనిక్, బోరాన్ ఉండొచ్చు. అందుకని ఇంకో బోరు వేసి మళ్ళీ భూమిలోకే పంపుతాం. కొన్నిచోట్ల భూమి నుంచి నీళ్ళు లేకుండా పొడి ఆవిరే వస్తుంది. లార్డెరెల్లో, కాలిఫోర్నియాలోని గీజర్స్ అలాంటివి. అవి అదృష్టం చేసుకున్న చోట్లు.

టర్బైన్ దాటిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లార్చాలి. బొగ్గు స్టేషన్‌లో ఆ నీరు బంగారం. శుద్ధి చేసిన నీరు కాబట్టి ఒక్క చుక్క పోకుండా బాయిలర్‌కు తిప్పి పంపుతాం. ఇక్కడ బాయిలర్ లేదు. అందుకని ఆవిరి మీద నేరుగా చల్లటి నీళ్ళు చిలకరిస్తే చాలు. కానీ ఇక్కడ వేరే తలనొప్పి ఉంది. భూమి ఆవిరితో పాటు చల్లారని గ్యాసులు వస్తాయి, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. వాటిని కండెన్సర్‌లోంచి ఎప్పటికప్పుడు లాగి పారేయకపోతే వాక్యూమ్ పడిపోతుంది, లోడు తగ్గుతుంది.

రెండో తలనొప్పి సిలికా. వేడినీళ్ళలో రాయి కరిగి ఉంటుంది. నీరు చల్లబడగానే అది తెల్లగా పేరుకుంటుంది. గీజర్ కాయిల్‌కు బోరునీళ్ళ పొలుసు పట్టినట్టే, కానీ ఇది గాజులాంటిది. చేతిలో పట్టని పైపు కొన్ని నెలలకే చేయి దూరనంత సన్నమైపోవడం నేను చూశాను. టర్బైన్ విప్పినప్పుడు మొదటి వరస రెక్కల మీద తెల్లటి పెంకు కనిపిస్తుంది. దాన్ని గీకుతూ గడిపిన రాత్రులు ఎన్నో. అందుకే వేడినీటిలో ఇంకా ఎంత వేడి మిగిలినా ఆశపడి మొత్తం పిండుకోలేం. ఒక హద్దు దగ్గర ఆగి, సిలికా గడ్డకట్టక ముందే నీటిని భూమిలోకి పంపేయాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ ప్రసంగం ఒప్పుకున్నదే దీనికోసం. ఏ దేశం, ఏ ప్లాంటు అన్నది అవసరం లేదు, తప్పు నాది.

బావి మూతి చుట్టూ కాంక్రీటు గొయ్యి ఉంటుంది, సెల్లార్ అంటాం. ఆ రోజు ఒక వాల్వు దగ్గర లీకు ఉందన్నారు. గాలి ఆడని ఉదయం. గ్యాస్ డిటెక్టర్ జీపులో మరిచిపోయాను. రెండు నిమిషాల పనే కదా అని గొయ్యిలోకి దిగాను. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. కాసేపటికి వాసన పోయింది. గ్యాస్ కొట్టుకుపోయింది, మంచిదే అనుకుని వాల్వు మీదికి వంగాను. పైన నిలబడ్డ అక్కడి టెక్నీషియన్ నడుముకున్న డిటెక్టర్ కూయడం మొదలుపెట్టింది. అతను అరిచాడు, నాకు వినపడలేదో, పట్టించుకోలేదో. అతను గొయ్యిలోకి దిగలేదు. దిగితే ఇద్దరం పోయేవాళ్ళం. బోర్లా పడుకుని, చెయ్యి చాపి, నా సేఫ్టీ బెల్టు పట్టుకుని పైకి ఈడ్చాడు. నా వయసులో సగం ఉన్న కుర్రవాడు.

వాసన పోవడం గ్యాస్ పోవడం కాదు. ఆ గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుంది. వాసన ఆగిపోవడమే అసలు హెచ్చరిక. పైగా అది గాలి కంటే బరువు, గోతుల్లో నిలబడుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. పిల్లలకు క్లాసులు చెప్పినవాణ్ణి.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మకు చెప్పలేదు, నాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒకటే అడిగాడు: “నీ బత్తి ఏడ పెట్టినవ్ రా?” ఆయన సర్దార్‌గా రోజూ సేఫ్టీ లాంపు పట్టుకుని, మంట తగ్గించి, దాని మీద నీలి మొన లేస్తుందో లేదో చూసి గ్యాస్ పరీక్ష చేసిన మనిషి. బాయిలో వచ్చే మీథేన్‌కు అసలు వాసనే ఉండదు. “మేం ముక్కును నమ్మి బాయి దిగలేదు బిడ్డా. బత్తి లేకుంట అడుగు వెయ్యలేదు. నీకు చదువు ఎక్కువై భయం తక్కువైంది” అన్నాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ తరవాత ఏ దేశంలో పని చేసినా, కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం టర్బైన్ గురించి కాదు, బత్తి గురించి.

సరే, ఇక మన ఊరి విషయం. నిన్న రాత్రి హాస్టల్ దగ్గర ఒక పదో తరగతి అమ్మాయి నన్ను సూటిగా అడిగింది: “అంకుల్, బొగ్గు అయిపోతే మా నాన్న ఉద్యోగం ఏమైతది? మన దగ్గర వేడినీళ్ళు ఉన్నయి కదా, వాటితో కరెంటు తీస్తే బాయిలు అవసరం లేదా?” ఆ అమ్మాయికి నేను అబద్ధం చెప్పలేను.

మణుగూరు దగ్గర, పగిడేరులో, బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్ళు తన్నుకొచ్చాయి. ఆ వేడితో సింగరేణి సంస్థ, ఢిల్లీలోని శ్రీరామ్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. ఆ నీరు ఆవిరై టర్బైన్ తిప్పేంత వేడి కాదు. అందుకని అక్కడ పద్ధతి వేరు, బైనరీ అంటారు. వేడినీరు ఒక పక్క, తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవం ఒక పక్క, మధ్యలో లోహపు గోడ. నీటి వేడి గోడ దాటి ఆ ద్రవాన్ని మరిగిస్తుంది, ఆ ద్రవపు ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, చల్లారి మళ్ళీ మొదటికి వస్తుంది. మన ఇంటి ఏసీని తిరగేసి నడిపినట్టన్న మాట. ఏసీకి కరెంటు ఇస్తే వేడి తేడా వస్తుంది. దీనికి వేడి తేడా ఇస్తే కరెంటు వస్తుంది.

ఇది మంచి ప్రయోగం. మనవాళ్ళు చేశారని నాకు గర్వం. కానీ లెక్క లెక్కే. 20 కిలోవాట్లతో ఐదు హార్స్‌పవర్ మోటార్లు ఐదు నడుస్తాయి. అదే మణుగూరు ప్రాంతంలో ఉన్న భద్రాద్రి థర్మల్ స్టేషన్ 1080 మెగావాట్లు. అంటే అలాంటి ప్లాంట్లు యాభై నాలుగు వేలు పెడితే ఒక భద్రాద్రికి సమానం.

మరి పెద్దది కట్టలేమా అంటే, అడ్డం వచ్చేది తేడా. కరెంటు వేడిలోంచి రాదు, వేడికీ చల్లదనానికీ మధ్య తేడాలోంచి వస్తుంది. మాట వరసకు 70 డిగ్రీల నీళ్ళు ఉన్నాయనుకుందాం, చల్లార్చే నీరు 30 డిగ్రీలు. ప్రకృతి ఒప్పుకునే గరిష్ఠం పన్నెండు శాతం లోపు. అసలు యంత్రంలో చేతికొచ్చేది దానిలో సగం. మన మే నెలలో చల్లార్చే నీరే 40 డిగ్రీలైతే ఆ గరిష్ఠం తొమ్మిది శాతానికి కూడా రాదు. అమెరికాలోని అలాస్కాలో, చేనా అనే చోట, 2006 నుంచి 74 డిగ్రీల నీటితోనే కరెంటు తీస్తున్నారు. వాళ్ళ నీళ్ళు మరీ వేడి కావు, వాళ్ళ చలి గొప్పది. చల్లార్చే నీరు నాలుగైదు డిగ్రీలు ఉంటుంది. మనకు ఆ చలి లేదు.

కాబట్టి నా అభిప్రాయం చెప్తాను. మన వేడినీళ్ళతో కరెంటు తీయడం కన్నా ఆ వేడినే నేరుగా వాడుకోవడం మేలు. కరెంటు చేస్తే వందలో తొంభై వంతులు పోతుంది, వేడిగా వాడుకుంటే చాలా భాగం మిగులుతుంది. ఐస్‌లాండ్‌లో పదిళ్ళలో తొమ్మిదింటికి వెచ్చదనం భూమి నుంచే. కెన్యాలో నైవాషా సరస్సు దగ్గర గులాబీ తోటల గాజు గదులను ఈ వేడితో వెచ్చగా ఉంచుతున్నారు. మనకు ఇల్లు వెచ్చబెట్టుకునే పని లేదు. కానీ కల్లంలో మిర్చి ఆరబోసినప్పుడు అకాల వాన పడితే రైతు ముఖం ఎట్లా ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసు. వేడినీళ్ళ పైపుల మీదుగా గాలి పంపి మిర్చి, పసుపు ఆరబెట్టే షెడ్డుకు యాభై అరవై డిగ్రీలు చాలు. అది కట్టడానికి నాలాంటి వాడు కూడా అక్కర్లేదు, ఐటీఐ చదివిన పిల్లలు కడతారు.

పెద్ద కరెంటు కావాలంటే పెద్ద వేడి ఉన్నచోటుకు పోవాలి. మన దేశంలో అది హిమాలయాల్లో ఉంది. లద్దాఖ్‌లోని పూగా లోయలో, సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల పైన, ఒక మెగావాటు ప్లాంటుకు 2021లో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది. దేశం మొత్తం మీద 10,600 మెగావాట్ల అవకాశం ఉందని పాత అంచనా. అంచనా వేరు, బోరు వేరు. లోతు బావి ఒక్కదానికి పదుల కోట్లు అవుతుంది, తవ్వాక ఆవిరి రాకపోతే ఆ డబ్బు భూమిలో పోసినట్టే. కెన్యా ఓల్కారియాలో 1981లో 15 మెగావాట్లతో మొదలుపెట్టి, నలభై ఏళ్ళు ఓపిక పట్టి, ఇవాళ దేశం కరెంటులో సగానికి దగ్గరగా భూమి నుంచే తీస్తోంది. అక్కడా అంతా సాఫీగా జరగలేదు. 2014లో కొత్త ప్లాంటు కోసం మాసాయి కుటుంబాలను తరలించారు, వాళ్ళు ప్రపంచ బ్యాంకు దాకా ఫిర్యాదు తీసుకుపోయారు. ఓపెన్‌కాస్ట్ కింద ఊళ్ళు పోయిన మనకు ఆ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. పొగ లేని కరెంటు అయినంత మాత్రాన ఎవరి ఇల్లూ పోదని కాదు.

ఇంకొక మాట. భూమి వేడి తరగదు అంటారు. వేడి తరగకపోవచ్చు, ఆవిరి తరుగుతుంది. గీజర్స్‌లో ఆశపడి ప్లాంటు మీద ప్లాంటు కట్టారు, 1980ల చివరికి ఆవిరి పడిపోయింది. తరవాత పక్క ఊళ్ళ మురుగునీటిని శుద్ధి చేసి, పైపులతో తెచ్చి భూమిలోకి పంపి నిలబెట్టుకున్నారు. తీసుకున్నది తిరిగి ఇవ్వకపోతే ఏ బాయి అయినా ఎండుతుంది.

ఆ అమ్మాయికి నా జవాబు ఇది. అమ్మా, మన వేడినీళ్ళు మీ నాన్న ఉద్యోగాన్ని కాపాడలేవు. కానీ మీ నాన్నకు తెలిసిన విద్య, అంటే రాయి గురించి, బోరు గురించి, గ్యాస్ గురించి, షిఫ్టు మనుషుల్ని ప్రాణాలతో పైకి తేవడం గురించి తెలిసిన విద్య, ఈ కొత్త పనిలో ప్రతిచోటా కావాలి. నేను చూసిన డ్రిల్లింగ్ రిగ్గుల మీద నూనె బావుల నుంచి, గనుల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. జియాలజీ చదువు, డ్రిల్లింగ్ చదువు, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువు. ఆ ఉద్యోగం మన ఊళ్ళో దొరకకపోవచ్చు. ఊరు దాటాల్సి రావచ్చు. నేనూ దాటాను. అది తేలికని చెప్పను.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవం గుర్తుగా ఆర్చి కట్టాలా, విగ్రహం పెట్టాలా అని చర్చ నడుస్తోందని విన్నాను. అది పెద్దలు తేల్చండి. నేను మాత్రం ప్రతి సంవత్సరం చలికాలంలో ఏడో తరగతి పిల్లల్ని గుండాల తీసుకుపోయే బస్సు ఖర్చు పెట్టుకుంటాను. పిల్లలకు తలా ఒక థర్మామీటరు కూడా. గోదారి నీళ్ళ వేడి ఎంత, గుంటలో నీళ్ళ వేడి ఎంత, రెంటికీ తేడా ఎంత, వాళ్ళే రాసుకుని రావాలి. ఏడాదికేడాది ఆ లెక్కల పుస్తకం మన సైన్స్ ల్యాబులో ఉండాలి.

ఒకటే షరతు. పిల్లలు గుంట తవ్వాక, నీళ్ళ గురించి మీరేమీ చెప్పకండి. సారు అడిగినట్టు కట్టెలు ఏడికెళ్ళి వచ్చినయో అడిగి ఊరుకోండి.

భోజనాలకు పోదాం పదండి.